గాలికి తిరగబడ్డ చింతచెట్టు

గొడుగులు బాగుచేసే ఆయన్ని వీధిలో అందరూ గొడుగులాయన అనే అంటారు. మెట్ల కింద బీరువా అంత కొట్టు. అందులో ఆయన, విరిగిన ఊచలు, పదకొండేళ్లుగా మట్టిపళ్లెంలో పెంచుతున్న జానెడు చింతచెట్టు. ఇంకో మనిషి వస్తే ఎవరో ఒకరు బయట నిలబడాల్సిందే.

బోన్సాయ్ పుస్తకాల్లో బొమ్మలన్నీ చలిదేశాల దేవదారులే. కింద వెడల్పు, పైన మొన. అవి ఆయనకి రుచించలేదు. జీవితమంతా ఆయన చేతికొచ్చినవి గాలికి తిరగబడ్డ గొడుగులు. వాటినే తలుచుకుని, కొమ్మలకి రాగి తీగ చుట్టి పైకీ బయటికీ వంచాడు. చింతకొమ్మ ఇట్టే లావెక్కుతుంది, ఏమరితే తీగ బెరడులోకి దిగిపోతుంది. అందుకని మూడు వారాలకోసారి విప్పడం, మళ్లీ చుట్టడం.

"నా జడ వైపు ఒక్కనాడైనా ఇలా చూశారా?" అని భార్య దెప్పేది.

ఈ ఏడు మొదటిసారి బోన్సాయ్ ప్రదర్శనలో చోటు దొరికింది. ఆయన సంతోషానికి పట్టపగ్గాల్లేవు. మొదటిరోజు మధ్యాహ్నం చెట్లని పరీక్షించే పెద్దాయన వచ్చి, గుబురాకులు చూసి పెదవి విరిచాడు.

"ఇది పొదండీ! పై కొమ్మలు కోసి మొన తీయండి. సాయంత్రం మళ్లీ వస్తా. అప్పటికీ ఇలాగే ఉంటే బల్ల ఖాళీ చెయ్యాలి."

గొడుగులాయన చెట్టు వైపు చూశాడు. పదకొండేళ్ల చాకిరీ! కోస్తే చెట్టు మిగులుతుంది, గొడుగు పోతుంది. కత్తెర తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. ఈ తర్జనభర్జనలోనే పొద్దు వాలింది. చివరికి మనసు రాయి చేసుకుని కత్తెర కొమ్మకి ఆనించాడు.

పక్కనే ఉన్న భార్య టక్కున చెయ్యి పట్టుకుంది. "ఆగండి! నిద్రపోయే పిల్లకి జుట్టు కత్తిరిస్తారా?"

నిజమే, చింతాకు ముడుచుకునే వేళయింది. రోజూ చూసే సంగతే, కంగారులో మరిచిపోయాడు. కాసేపట్లో ఆకులన్నీ జంటలు జంటలుగా ముడుచుకున్నాయి. పొద మాయమై, ఊచల్లాంటి కొమ్మలు బయటపడ్డాయి.

అన్న మాట ప్రకారం పెద్దాయన వచ్చాడు. కళ్లద్దాలు తుడుచుకుని బల్ల చుట్టూ తిరిగాడు. చటుక్కున నవ్వేశాడు.

"పోయిన వానల్లో నా గొడుగు అచ్చం ఇలాగే తిరగబడిందండీ! తడిసి ముద్దయ్యాను. ఒక్క కొమ్మ కూడా ముట్టుకోవద్దు."

గొడుగులాయన రెండో చేత్తో కత్తెర జేబులో వేసుకున్నాడు. పట్టుకున్న చెయ్యి భార్య ఇంకా వదల్లేదు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ అట్టముక్క మీద రాసి చెట్టు పక్కన పెట్టింది: "ఈ చెట్టు సాయంత్రం నిద్రపోతుంది. చూడాలంటే అప్పుడే రండి."

సాయంత్రానికి బల్ల చుట్టూ జనమే జనం. అందరూ గుసగుసగానే మాట్లాడుకున్నారు. ఎవరో దగ్గితే పెద్దాయనే కసిరాడు.