తల్లి పుట్టిన ఊరు

పన్నెండేళ్లుగా ఒక మాట నా గొంతు దాటలేదు. భర్తతో చెప్పలేదు, అమ్మతో చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి ఎదురుపడితే పిల్లల సంగతులు అడిగి తప్పించుకున్నాను. మీరు నన్నెరగరు. అందుకే మీతో చెబుతున్నాను.

నేనూ నా స్నేహితురాలూ ఒకే వీధి వాళ్లం. రోజూ ఒకే బస్సెక్కి వనపర్తి కాలేజీకి పోయి డిగ్రీ చదివాం. తనకు ఐదేళ్లప్పుడే తల్లి పోయింది. ఫొటో కూడా లేదు. మా వైపు ఊళ్లలో కోడలిగా వచ్చిన ఆడమనిషిని పుట్టింటి ఊరి పేరుతో పిలుస్తారు. ఆ తల్లిది బల్మూరు. ఆమె పోయి అన్నేళ్లయినా పెద్దవాళ్లు నా స్నేహితురాలిని 'బల్మూరామె బిడ్డ' అనే అనేవారు.

డిగ్రీ అయ్యాక ఇద్దరం హైదరాబాదులో ల్యాబ్ టెక్నీషియన్ శిక్షణకు దరఖాస్తు పెట్టాం. అందుకోసమే నెట్ సెంటర్‌లో మెయిల్ తెరిచాం. పాస్‌వర్డ్ మరిచిపోతే అడగడానికి ఒక ప్రశ్న ఎంచుకోమంది. తను 'మీ తల్లి పుట్టిన ఊరు' ఎంచుకుంది. ఎప్పటికీ మరవనిది అదొక్కటేనంది. వీధి వీధంతా పిలిచే పేరు రహస్యమెలా అవుతుందని ఇద్దరికీ తట్టలేదు.

ఇంటర్వ్యూ పిలుపులు మెయిల్‌కే వస్తాయన్నారు. నాకు రాలేదు. తనకు వచ్చిందా? ఆ ఒక్కటి తెలుసుకుందామనే ఒక మధ్యాహ్నం ఒంటరిగా నెట్ సెంటర్‌కు వెళ్లాను. తన మెయిల్‌లో పాస్‌వర్డ్ మరిచిపోయానని నొక్కి, ఆ ప్రశ్నకు బల్మూరు అని కొట్టాను. కొత్త పాస్‌వర్డ్ పెట్టమంటే ఏదో పెట్టాను. లోపల పిలుపు ఉంది. వచ్చే సోమవారం రమ్మని. చదివాను. చెరిపేశాను.

ఎందుకు? కుళ్లా? తను వెళ్లిపోతే ఊళ్లో నేనొక్కదాన్నే మిగిలిపోతానన్న భయమా? భయమేనని చాలా ఏళ్లు నాకు నేను నచ్చజెప్పుకున్నాను, ప్రేమ కొద్దీ చేసిన పని అనుకుంటే పాపం కాస్త తగ్గుతుందనిపించేది కాబోలు. కాదు. కుళ్లే.

రెండు రోజులకు తనే నన్ను వెంటబెట్టుకుని నెట్ సెంటర్‌కు వచ్చింది.

"ఏందే, తప్పంటుంది? గిదే పెట్టిన గదా!"

"మర్చిపోయి ఉంటవ్. రాసి పెట్టుకోమంటే ఇన్నవా?" అన్నాను.

"గట్లెట్ల మర్చిపోతనే? నా మతికేమైంది?"

ప్రశ్న వచ్చింది. తను ఒక్కో అక్షరం వెతుక్కుంటూ బల్మూరు అని కొట్టింది. తెరుచుకోగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"సూసినవా, మా అమ్మనే తెరిచింది."

లోపల ఏమీ లేదు. తను చాలాసేపు ఆ తెర వైపే చూసింది. నేను పక్కనే నిలబడ్డాను.

ఆ ఏడే వాళ్ల చిన్నమ్మతో కలిసి గద్వాల వైపు పత్తి విత్తనం క్రాసింగ్ పనికి, చేలల్లో పువ్వు పువ్వుకూ పుప్పొడి రాసే కూలికి వెళ్లింది. అక్కడే పెళ్లయింది. మళ్లీ దరఖాస్తు పెట్టలేదు. తర్వాతి విడతలో నాకు పిలుపొచ్చింది. ఇప్పుడు నేను దవాఖాన ల్యాబ్‌లో పని చేస్తున్నాను. తను కూర్చోవాల్సిన కుర్చీ.

అయినా నన్ను కోసేది ఆ కుర్చీ ఒక్కటే కాదు. పోయిన నెల వనపర్తి బస్టాండులో కలిసింది. ఆధార్ కార్డు భర్త దగ్గర, పిల్లల బడి కాగితాలు ఆడబిడ్డ దగ్గర ఉంచుతుందట. ముఖ్యమైనదేదీ తన చేతిలో పెట్టుకోదట. డిగ్రీ చదివిన మనిషి! తన మతి మంచిది కాదని నవ్వుతూ చెప్పింది. ఆ నెట్ సెంటర్ రోజే తెలిసిపోయింది గదా అంటూ నన్నే సాక్ష్యం అడిగింది. నేను తలూపాను. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. తలూపాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. తన ముందు నిలబడి చెప్పే ధైర్యం నాకింకా రాలేదు, వస్తుందని మాట ఇవ్వలేను. రాస్తుంటే ఇన్నేళ్లకు ఊపిరి కాస్త ఆడుతోంది. ఎవరో ఒకరికి నిజం తెలిసి ఉండాలి.

తను ఏదీ మరిచిపోలేదు. పాస్‌వర్డ్ మార్చింది నేను.