నాపరాళ్ళ మీద పరిచిన అద్దం

నాన్న ఉద్యోగ విరమణ రోజు మధ్యాహ్నం జగ్గయ్యపేటలో మా ఇంటి ముందు గదిలో ఉన్నవాళ్ళు: నాన్న, అమ్మ, నందిగామ నుంచి వచ్చిన మా మేనత్త, సిమెంటు ఫ్యాక్టరీలో నాన్నతో కలిసి పనిచేసిన పది పన్నెండు మంది, నేను. ఉన్న వస్తువులు: అద్దెకు తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు, ఒక శాలువా, ఒక గులాబీల దండ, ఒక షోకేసు, పాలరాయిలా కనిపించాలని గోడలకు బిగించిన పీవీసీ పలకలు, పైన పీఓపీ సీలింగు, దాని అంచుల వెంట రిమోట్ నొక్కితే రంగులు మారే లైట్లు, కింద మొహం కనిపించేంత నున్నటి తెల్ల టైల్సు. ఉండాల్సిన వాళ్ళలో లేనిది నాయనమ్మ ఒక్కతే. గోడకు అవతల, నడిమి గదిలో, తన మంచం మీద కూర్చుని ఉంది. ఆమె కాళ్ళు బాగానే ఉన్నాయి. రాలేకపోవడానికి కారణం ఆ టైల్సే.

ఆ రోజు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు. నేను సివిల్ ఇంజినీరింగ్ చదివాను. విజయవాడలో సైట్ల మీద పనిచేస్తున్నాను. ఇళ్ళు కట్టేవాళ్ళు చేసే తప్పులు రోజూ చూస్తాను. వాటిలో చాలావాటికి ఏదో ఒక కారణం ఉంటుంది: స్థలం చాలకపోవడం, తొందర, వాన. ఇంటిని అలంకరించేవాళ్ళు చేసే తప్పులకు మాత్రం నాకు ఒకటే కారణం కనిపిస్తుంది. వచ్చినవాళ్ళు ఏమనుకుంటారో అన్న బెంగ. ఉండేవాళ్ళు ఏమవుతారన్నది ఆ లెక్కలోకి రాదు.

మా ఇంట్లో అలంకరణకు ఒక పద్ధతి ఉంది. పాతదాన్ని తియ్యరు. దాని మీదే కొత్తది వేస్తారు. ముందు గది గోడనే తీసుకుంటే, అసలుది తాతయ్య కట్టించిన సున్నపు గోడ. దాని మీద నడుము ఎత్తు దాకా చిలకపచ్చ ఆయిల్ పెయింటు వేశారు. సున్నపు గోడ తేమ పీలుస్తుంది, మళ్ళీ వదులుతుంది. ఆయిల్ పెయింటు ఆ తేమను లోపలే బంధిస్తుంది. కొన్ని వానాకాలాలు గడిచేసరికి గోడంతా బుడగలు లేచాయి. ఆ బుడగలు కనిపించకుండా గోడ నిండా జలపాతం బొమ్మ ఉన్న కాగితం అతికించారు. మంచుకొండలు, దేవదారు చెట్లు, కింద ఒక చెక్క ఇల్లు. ఆ జలపాతానికి ఎదురుగా కూర్చుని మా అమ్మ ప్రతి మే నెలలోనూ నీళ్ళ ట్యాంకరు కోసం ఎదురుచూసేది.

తేమకు కాగితం మూలలు ఊడి వేలాడితే, వాటిని కప్పడానికి షోకేసు చేయించారు, అది కప్పలేని గోడకు తర్వాత పీవీసీ పలకలు బిగించారు. షోకేసు అంటే నాకు ప్రత్యేకమైన పగ ఉంది. సన్మైకా అతికించిన చెక్క, జారే అద్దాల తలుపులు, లోపల ఒక ట్యూబులైటు. అందులో ఉండేవి: ఆల్చిప్పలతో చేసిన నెమలి, సబ్బుబిళ్ళకు గుండుసూదులు గుచ్చి రిబ్బను చుట్టిన పూలబుట్ట, ఒకప్పుడు కీ ఇస్తే డోలు కొట్టిన కోతి, ప్లాస్టిక్ ద్రాక్షగుత్తి, పూల అంచు పింగాణీ కప్పుల సెట్టు. మాది లారీలు తిరిగే ఊరు. క్వారీల దుమ్ము అద్దాల సందుల్లోంచి కూడా దూరేది. ఆ ద్రాక్షపళ్ళను ఒక్కొక్కటిగా కడిగే పని అమ్మది. కప్పులు వచ్చినవాళ్ళకోసం అనేవారు. వచ్చినవాళ్ళకు కూడా టీ స్టీలు గ్లాసుల్లోనే ఇచ్చేవారు, కప్పులు పగులుతాయని.

ఈ తెలివితేటలన్నీ మాకు నందిగామ నుంచి, మా అత్త ఇంటి నుంచి వచ్చేవి. అత్త ఏది చేయించినా మా ఇల్లు దాని వెనకే నడిచేది. అక్కడ పాతబడిపోయాక అది హైవే మీదుగా మా ఊరు చేరేది. కప్పుకు చమ్కీలు అద్దిన థర్మోకోల్ పలకలు అతికించడం ఆమె దగ్గర మొదలైంది. వాటి వెనక బల్లులు కాపురం పెట్టాయని ఆమె పీకించేస్తున్న వారంలోనే మా నాన్న మా కప్పుకు అతికించాడు. ఆ తర్వాత ఆమె పీఓపీ సీలింగు చేయించింది, మాకూ వచ్చింది. గాలి పోయే వెంటిలేటర్లు ఆ సీలింగుకు పైన ఉండిపోయాయి. వేసవిలో ఆ గది ఉడికిపోయేది. అత్త ఇంట్లో ఏసీ ఉంది. మా ఇంట్లో లేదు. చూసి నేర్చుకున్నప్పుడు అదొక్కటీ వదిలేశారు.

ఇన్నేళ్ళలో ఎవరూ కప్పనిది ఒక్కటే మిగిలింది, నేల. కృష్ణ అవతల పల్నాడు నుంచి తెప్పించి తాతయ్య పరిపించిన నాపరాళ్ళు. నీలం కలిసిన బూడిదరంగు. ఎండాకాలం మధ్యాహ్నాలు నాయనమ్మ వాటి మీద చాప కూడా లేకుండా పడుకునేది. నీటికాసులు వచ్చి ఆమె చూపు ఏళ్ళ క్రితమే మందగించింది. ఇప్పుడు వెలుగు ఎటునుంచి వస్తోందో తెలుస్తుంది, అంతే. అయినా ఇల్లంతా తిరిగేది, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా. రాళ్ళ మధ్య సందులు, అంచు విరిగిన రాయి, వెనక వసారాలో రోలు ఉన్నచోట అరిగిన పల్లం, ప్రతి గుమ్మానికీ ఎత్తైన గడప. వీటితోనే ఆమెకు దారి తెలిసేది. తెల్లవారగానే మంచం దిగి, నడిమి గది దాటి, వెనక వసారాలోంచి బాత్‌రూముకు తనే వెళ్ళేది. తనే పంపు దగ్గర మొహం కడుక్కునేది. ఎనభై దాటిన మనిషికి అంతకన్నా గౌరవమైన విషయం ఇంకోటి ఉందనుకోను.

నాన్న రిటైర్మెంటుకు ముందు అత్త వచ్చి నేలను చూసి మొహం చిట్లించిందట.

"అన్నయ్యా, ఫ్యాక్టరీ వాళ్ళంతా వస్తారు. ఈ బండల మీద కూర్చోబెడతావా వాళ్ళని? పశువుల కొట్టంలా ఉంది."

టైల్సు వద్దని నేను ఫోనులో చెప్పాను, కారణాలన్నీ వరసగా చెప్పాను. నా సలహాలు సైటులో చెప్పుకోమన్నాడు నాన్న. టైల్సు వేసేవాళ్ళు రాళ్ళు తియ్యక్కర్లేదన్నారు. పట్టు దొరకడానికి రాళ్ళను ఉలితో అక్కడక్కడా చెక్కి, సిమెంటూ ఇసుకా కలిపిన మాలు పోసి, పైన ఇల్లంతా టైల్సు పరిచారు. మా ఇంటి పద్ధతికి అది సరిగ్గా సరిపోయింది. నేల రెండున్నర అంగుళాలు లేచింది. తలుపులు నేలకు రాసుకుంటుంటే వాటి అడుగు కోయించారు. గడపలు మునిగిపోయాయి. శుక్రవారం పసుపు రాయడానికి అమ్మకు వేలి వెడల్పు చెక్క మిగిలింది. గడప వచ్చిందని కాలికి తెలిసే ఎత్తు పోయి, తట్టుకుని పడే ఎత్తు మాత్రం ఉండిపోయింది. ఇంత కచ్చితంగా ప్రమాదాన్ని కొలిచి కట్టాలన్నా కుదరదు.

ఆ తర్వాత నేను ఇంటికి వచ్చినప్పుడు నాయనమ్మ మంచం మీద ఉంది. పక్కన స్టూలు మీద నిండు గ్లాసు నీళ్ళు. మధ్యాహ్నం చూశాను, నిండుగానే ఉంది. సాయంత్రం కూడా అంతే. అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి చెప్పింది. మొదటి రోజు పొద్దున్నే లేచి నడవబోయి, గుమ్మం దగ్గర కాలు జారి, కర్టెన్ పట్టుకుందట. కర్టెన్ రాడ్డుతో సహా ఊడి వచ్చిందట. అమ్మ చూడబట్టి సరిపోయింది. అప్పటినుంచీ ఒంటరిగా దిగడం లేదు.

"నీళ్ళు తాగితే లేవాలి. లేస్తే నన్ను పిలవాలి. అందుకని తాగడం మానేసింది" అంది అమ్మ.

అత్త ఊరుకోలేదు. తప్పు టైల్సుది కాదని చూపించడానికి నందిగామ నుంచి రంగురంగుల మ్యాట్లు తెచ్చి దారంతా పరిచింది. అడుగు వెయ్యగానే మ్యాటుతో సహా మనిషి జారాల్సిన పరిస్థితి. ఫైవ్ స్టార్ హోటళ్ళలో కూడా ఇలాంటి నేలే ఉంటుందని తల్లికి నచ్చజెప్పింది.

"హోటల్లో రెండు రోజులుంటారే. నేను ఇక్కడుండాలి" అంది నాయనమ్మ.

నడిమి గదిలోనూ వసారాలోనూ టైల్సు తీసేద్దామని నేను అన్నాను. నాన్న నా మొహం వైపు చూడలేదు. నలుగురూ వచ్చే ముందు ఇల్లు తవ్వుకుంటామా అన్నాడు. అత్త అయితే, వీడు చదివింది కట్టడానికా కూల్చడానికా అని అమ్మనడిగింది. నాయనమ్మ దాహాన్ని ఒక సన్మానం కోసం వాయిదా వేశారు. నాకు ఇంకో మాట దొరకడం లేదు.

ఆ సన్మానం రోజుకే వస్తాను. వచ్చినవాళ్ళు బూట్లు వాకిట్లో విప్పి మేజోళ్ళతో లోపలికి వచ్చారు. మేజోళ్ళతో ఆ టైల్సు మీద నడవడమంటే నూనె మీద నడవడమే. నాన్న స్నేహితుడొకాయన, ముప్పై ఏళ్ళుగా నాన్న క్యారేజీలో మా నాయనమ్మ పెట్టిన గోంగూర పచ్చడి పంచుకు తిన్న మనిషి, గుమ్మంలోనే జారి, పీవీసీ పలక పట్టుకుని నిలబడ్డాడు. పలక కొంచెం ఊడి చేతికి వచ్చింది. వెనక చిలకపచ్చ రంగు, దాని మీద జలపాతం ముక్క కనిపించాయి.

"ఏంటి గురువుగారూ, లోపల ఇంకో ఇల్లుందే" అన్నాడాయన. అందరూ నవ్వారు. నాన్నా నవ్వాడు. అత్త రిమోట్ నొక్కింది. లైట్లు నీలంలోకి మారి అక్కడే ఆగిపోయాయి. శాలువా కప్పించుకున్న నాన్నతో సహా అందరి మొహాలూ నీలంగా ఉన్నాయి.

ఆయన మళ్ళీ అడిగాడు. "అమ్మగారేరండీ? ఆవిడ్ని చూడకుండా ఎలా వెళ్తాం?"

"పెద్దావిడ కదండీ, ఓపిక లేదు" అంది అత్త.

అది అబద్ధం. ఓపిక ఉంది. ఆ ఓపికతోనే ఆమె దాహాన్ని ఆపుకుంటోంది. ఆ మాట నేను పైకి అనబోయేలోగా నాన్న కుర్చీలోంచి లేచి, మెడలో దండతోనే నడిమి గదిలోకి వెళ్ళాడు. వెనక నేను వెళ్ళాను. ముందు గదికి తీసుకెళ్తానని, చెయ్యి పట్టుకోమని ఆమెను అడిగాడు.

"వద్దులే నాన్నా. నేల తెలియట్లేదు. నువ్వే వచ్చావుగా" అంది ఆమె. నాన్న కాళ్ళకు దండం పెడితే తల మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి తియ్యకుండానే అడిగింది. "మీ నాన్న పరిపించిన రాళ్ళు పీకించేశావా, కిందే ఉన్నాయా?"

"కిందే ఉన్నాయమ్మా."

"అయితే సరే" అంది. టైల్సు తియ్యమని అనలేదు.

నాన్న అలాగే వంగి ఉన్నాడు. స్టూలు మీద నిండు గ్లాసు ఆయన కళ్ళకు ఎదురుగా ఉంది. దాన్ని తీసి ఆమె చేతికిచ్చాడు. తర్వాత తాగుతానని ఆమె పక్కన పెట్టింది. ఆ గ్లాసు సంగతి ఆయనకు అమ్మ చెప్పే ఉంటుంది. చూడటం మాత్రం అప్పుడే అనుకుంటాను.

అందరూ వెళ్ళాక నాన్న నన్ను వసారాలోకి పిలిచాడు. పైన వేసింది తీస్తే కింద రాళ్ళు మిగులుతాయా అని అడిగాడు. ఉలి దెబ్బలు ఉండిపోతాయని, మాలు గట్టిగా పట్టినచోట రాయి పగులుతుందని, నునుపు తిరిగి రాదని చెప్పాను.

"మిగిలినన్నే మిగలనీ" అన్నాడు.

అత్త సంచి సర్దుకుంటూ విన్నది. తన ఇంట్లో మూడేళ్ళుగా ఇవే టైల్సున్నాయని, ఎవరూ చావలేదని అంది. నాన్న ఆమెను బస్సెక్కించి వచ్చాడు.

ముందు గది జోలికి వెళ్ళలేదు. అక్కడ టైల్సు, పలకలు, నీలం లైట్లు అలాగే ఉన్నాయి. వాటి మీద నా కోపం కూడా అలాగే ఉంది. నడిమి గది, వెనక వసారా మాత్రం గోడనుంచి గోడదాకా తీయించాం, వాటిలో ఎక్కడా మెట్టు మిగలకుండా. గుమ్మాల దగ్గర గడపలు మళ్ళీ బయటికి వచ్చాయి. పగిలిన రాళ్ళ ముక్కలను ఉన్నచోటే తిరిగి అతికించాం. తెల్లవారి నాయనమ్మ మంచం దిగి, కాలితో నేలను కాసేపు తడిమింది. ఉలి గంట్లు కొత్తగా తగిలి ఉంటాయి, ఆగి ఆగి నడిచింది. వసారాలో రోలు పల్లం దగ్గర మలుపు తిరిగి, గడప దాటి, పంపు దగ్గరికి వెళ్ళింది. అమ్మ వెనక వెళ్ళబోతే వద్దంది. తిరిగి వచ్చి గ్లాసు నీళ్ళు తాగి, ఇంకో గ్లాసు అడిగింది.

నడిమి గదిలో, వసారాలో కలిపి నాపరాళ్ళు నలభై రెండు. పగలకుండా బయటపడినవి ముప్పై ఒకటి.