కప్ప లేని కప్ప ఆట

రేపు విడుదలయ్యే ఏదో కొత్త వీడియో గేమ్ కొనాలా వద్దా అని మా మనవరాలు వారం రోజులుగా తెగ మథనపడుతోంది. మా కాలంలో పెళ్లి సంబంధానికి కూడా ఇంత వాకబు చేసేవాళ్లు కాదు. ముందే ఆడి చూసినవాళ్ల అభిప్రాయాలు ఫోనులో చదువుతుంది, వాళ్లు డబ్బు తీసుకుని పొగుడుతున్నారేమోనని మరొకరివి చదువుతుంది, చివరికి కంపెనీవాళ్లు పాత ఆటకే రంగులు మార్చి అంటగడుతున్నారని తేల్చి, మర్నాడు మళ్లీ మొదటికొస్తుంది. ఈ అనుమానం దానికి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. మా ఇంటి ఆడవాళ్లకు అది గాజులతో పాటు వచ్చే ఆస్తి. నా సంగతే చూడండి, ఈమధ్య మా ఇంట్లో అందరూ గొణుగుతూ మాట్లాడుకుంటున్నారు. కొడుకూ కోడలూ ఎదురెదురుగా కూర్చుని పెదవులు కదిపితే, నా దగ్గర ఏదో దాస్తున్నారనే నా గట్టి నమ్మకం.

రేపు ఆ ఆటలో మొదటి భాగం ఊరికే ఆడిస్తారట, నచ్చితేనే కొనుక్కోవచ్చట. ఈ పొద్దున మనవరాలు నా పక్కన చేరి, చెవికి ఆనుకుని, "అవ్వా, రేపు నువ్వు కూసోని ఇను. కొత్తదో పాతదో నువ్వే చెప్పాల" అంది. నా మీద దానికి అంత నమ్మకం ఎందుకంటే, మా అత్తగారి కథ దానికి తెలుసు. అయితే దానికి తెలిసింది సగమే.

రాయచూరులో మాది మిరపకాయలు, చింతపండు అమ్మే కుటుంబం. మామగారు పోయాక దుకాణం మూతబడింది. మా ఆయన థర్మల్ కరెంటు కేంద్రంలో ఒక కాంట్రాక్టరు దగ్గర గుమాస్తాగా చేరి, రోజూ పొద్దున్నే చిక్కసూగూరు మీదుగా పోయే బస్సెక్కేవారు. ఊరికి అంత దగ్గర్లో దేశానికంతా సరిపడా కరెంటు పుడుతున్నా మా వీధికి మాత్రం మధ్యాహ్నమైతే ఉండేది కాదు, అది వేరే కథ. ఆ రోజుల్లోనే నేను ముందు గదిలో టీవీ పెట్టి, దానికి ఆట మిషను తగిలించి, బడి పిల్లలకు అరగంట చొప్పున వీడియో గేములు ఆడించడం మొదలుపెట్టాను. పెళ్లయిన పదేళ్లకు, ఇది నాది అని చెప్పుకోవడానికి నాకు దొరికింది ఆ గది ఒక్కటే. దాని మీద నాకెంత మమకారమో నా ఈడు ఆడవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆ గది గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని మా అత్తగారు కావలి ఉండేది. ఆమె అనుమానానికి ఊళ్లోనే పేరుండేది. పాలవాడు నీళ్లు కలిపాడని, కలపకపోతే పొడి కలిపాడని అనేది. మిరపకాయల మూట మీద భాగం చూసి ఏనాడూ బేరం చెయ్యలేదట, మోచేతి దాకా చెయ్యి అడుక్కి తోసి పిడికెడు తీసి చూసేదట. నా మీద కూడా అదే అనుమానమని నేననుకునేదాన్ని. ఏ పిల్లవాడితో నవ్వుతూ మాట్లాడినా, పక్కింటావిడతో గుమ్మంలో నిలబడినా, ఆమె ముఖం నా వైపే తిరిగి ఉండేది. ఆ చూపు వీపు మీద పడ్డట్టే ఉండి, సొంత గదిలోనే బెరుకుగా తిరిగేదాన్ని. సాయంత్రం కొడుకు రాగానే అన్నీ పూసగుచ్చినట్టు చెబుతుందని లోలోపల ఉడికిపోయేదాన్ని. అప్పుడప్పుడు ఆమె కళ్లు నులుముకుని, "థర్మల్ బూడిద కంట్ల పడ్డది" అనేది. ఆ బూడిద మా వీధి దాకా వచ్చేదో లేదో నాకిప్పటికీ తెలియదు గానీ, ఆరేసిన చీర మాసినా, పాపడాలు నల్లబడినా, పిల్లలు దగ్గినా అందరం దాని మీదికే తోసేవాళ్లం.

రెండేళ్లు గడిచేసరికి మా దగ్గరున్న ఆటలు పిల్లలకు విసుగొచ్చాయి. స్టేషన్ రోడ్డులో ఇంకెవరో పెద్ద టీవీలు పెట్టారని ఒక్కొక్కరే అటు జారుకున్నారు. సరిగ్గా అప్పుడే, నెలకొకసారి హైదరాబాదు నుంచి అట్టపెట్టె నిండా కాసెట్లు తెచ్చి అమ్మేవాడు వచ్చి, వచ్చే వారం కొత్త ఆట దిగుతోందని, ముందుగా మాకే చూపిస్తానని ఊరించి పోయాడు. దాని ధర మామూలు కాసెట్లకు నాలుగింతలు. ఫ్రిజ్ కోసం దాచుకున్నదంతా పెడితే గానీ రాదు. కొనకపోతే గది మూతబడటం ఖాయం, కొన్నాక ఆట బాగోలేకపోతే గదీ పోతుంది, ఫ్రిజ్జూ పోతుంది. అంతకుముందు అతని దగ్గరే నూరు ఆటలున్నాయని రాసి ఉన్న కాసెట్ కొంటే, పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టు, ఉన్నవి ఏడే, అవే తిరిగి తిరిగి వచ్చాయి. మా ఆయన మాత్రం కొనేయమన్నారు. ఆయనకు ఎవరేం చెప్పినా నిజమే.

అత్తగారిని నేను అడగలేదు, ఆమే చెప్పింది. "కొత్త మిరపకాయ బజారుకొచ్చిన రోజే కొనొద్దు పిల్లా, తడి ఉంటది. నాలుగు దినాలు ఆగు, అసలు బరువు అదే చెప్తది" అంది. వీడియో గేముకు తడేమిటని విసుక్కున్నాను గానీ, ఆ మాట మనసులో ముల్లులా ఉండిపోయింది.

వారం తర్వాత అతను వచ్చి కాసెట్ పెట్టి ఆడించాడు. టీవీ నిండా మంచు. తెల్లటి కొండలు, నీలం టోపీ పెట్టుకున్న మనిషి, ఎగిరే చేపలు. మా దగ్గర మిగిలిన నలుగురు పిల్లలూ నోళ్లు తెరుచుకుని చూశారు. "బిల్కుల్ కొత్తది అమ్మా, రాయచూర్ల ఇంకెవ్వరికి చూపియ్యలే. మీరు వద్దంటే స్టేషన్ రోడ్డుకు పోతా" అన్నాడతను. నాలో అనుమానం కరిగిపోయింది. డబ్బు తేవడానికి లోపలికి రెండడుగులు వేశాను కూడా.

గుమ్మం దగ్గర నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "ఏందిరా, గిది మా ఇంట్ల ఉన్న కప్ప ఆటే గద?"

ఆమె ఆటలన్నిటికీ తనే పేర్లు పెట్టుకుంది. గుర్రం ఆట, పిట్టల ఆట, కప్ప ఆట. అతను పకపకా నవ్వాడు. నాకూ చిన్నతనమనిపించి, అది మంచు అత్తమ్మా, మనిషి కూడా వేరే, సరిగ్గా చూడు అన్నాను. "బొమ్మతోని నాకేం పని? సప్పుడు ఇను. మూడుసార్లు దుంకుతది, ఆగుతది, మళ్ల దుంకుతది" అంది ఆమె. నేను మా పాత కాసెట్ తీసి మిషనులో పెట్టి కళ్లు మూసుకున్నాను. అవే మూడు దూకుళ్లు, అదే విరామం. కళ్లు తెరిచి చూస్తే గోతులూ నిచ్చెనలూ కూడా ఉన్నచోటే ఉన్నాయి, కొత్తదాంట్లో పచ్చగా ఉండాల్సినవన్నీ తెల్లగా అయ్యాయి, అంతే. అతను అప్పటికే, నేనేమైనా తయారు చేశానా, నాకెట్లా తెలుస్తుంది అంటూ, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, తన పెట్టె సర్దుకున్నాడు.

ఆ సాయంత్రమంతా మా అత్తగారి కళ్లు డేగ కళ్లని వీధి వీధంతా చెప్పుకున్నాను. ఆమె మాత్రం కళ్లు నులుముకుని, మళ్లీ బూడిద పడ్డదంది.

నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం, పిల్లలు ఆడుతుండగా టీవీలో బొమ్మ ఒక్కసారిగా పోయింది. తెర నల్లబడింది గానీ పాట ఆగలేదు. పిల్లలు కన్నడంలో, ఉర్దూలో, తెలుగులో ఒకేసారి గోల పెట్టారు. స్టూలు మీద నుంచి అత్తగారు, "ఏందిరా ఒర్లుడు? ఆట మంచిగనే నడుస్తుంది గద!" అని గద్దించింది. పిల్లలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. దగ్గరికి వెళ్లి ఆమె ముఖం ముందు చెయ్యి ఊపాను. రెప్ప కదలలేదు.

పిల్లల్ని పంపించి, ఎన్నాళ్లుగా అని అడిగాను. మొదట బూడిద అంది. తర్వాత తల దించుకుని, "కండ్లు లేనిదాన్ని కావలికి ఎవరు కూసోబెడ్తరే? ఒక మూలకు పడేస్తరు" అంది. ఆ గదిలో ఎవరు వచ్చారు, ఎవరు లేచారు, ఎవరు కాసెట్ తీశారు, అన్నీ చప్పుడుతోనే పట్టుకునేదట. ముఖం నా వైపు తిప్పి ఉంచేది కూడా నన్ను కనిపెట్టడానికి కాదు, నా గాజుల చప్పుడు ఎటు పోతోందో విని ఇల్లు ఎటుందో గుర్తుపెట్టుకోవడానికి. పాలను, మిరపకాయలను, కాసెట్లను అనుమానించిన మేము ఒక్క ఆ బూడిద మాటను మాత్రం అనుమానించలేదు. రెండేళ్లు నేను ఏ చూపుకైతే భయపడ్డానో ఆ చూపు అసలు లేనే లేదు. ఆ రోజు నేను ఏడ్చినంతగా నా పెళ్లినాడు కూడా ఏడవలేదు.

ఫ్రిజ్ కోసం దాచింది కంటి ఆపరేషనుకు పోయింది. ఒక కన్ను వచ్చింది, రెండోదానిలో పొర మరీ ముదిరిపోయిందన్నారు డాక్టరు. కట్టు విప్పి ఇంటికి రాగానే ఆమె స్టూలు టీవీ ముందుకు జరిపించుకుని కప్ప ఆట పెట్టమంది. కాసేపు అటూ ఇటూ చూసి, "కప్ప ఏది?" అంది. ఆ ఆటలో కప్ప లేదు, ఎప్పుడూ లేదు. ఇంత వికారమైన బొమ్మల కోసమా పిల్లలు ఎగబడేదని చాలాసేపు తిట్టింది.

ఆ మంచు కాసెట్ స్టేషన్ రోడ్డువాళ్లు కొన్నారు. అది పాత ఆటేనని పిల్లలకు తెలిసినా, మంచు బాగుందని అక్కడికే పోయారు. మా అనుమానం నిజమే అయినా మా గది మాత్రం మూతబడింది. ఆ స్టూలు మీద ఇప్పుడు నేను కూర్చుంటున్నాను.

ఇప్పటి ఆటలకు చప్పుడే లేదని, పిల్లలు చెవులకు తగిలించుకునే ఆ హెడ్‌ఫోను తట్టలవల్ల ఎవరి పాట వాళ్ల తలలోనే ఉండిపోయి ఇల్లంతా మూగబోయిందని, ఇదంతా రాయడం మొదలుపెట్టినప్పుడు కాలాన్ని నిందించాలనే అనుకున్నాను. ఆ రోజుల్లో ఒక్క టీవీ మోగితే వంటింటికీ వీధికీ వినిపించేది, అందులోనే మేమంతా ఒకరి సంగతి ఒకరం తెలుసుకుంటూ బతికాం. అయితే మొన్న ఆదివారం మనవరాలు ఆడుతుంటే గుమ్మంలో నిలబడ్డాను. ఆ తట్టలు బల్ల మీద పడి ఉన్నాయి. దాని పాదం తాళం వేస్తోంది. మా కోడలు విసురుగా వచ్చి టీవీ వైపు వేలు చూపించి చెవులు మూసుకుంది, పిల్ల రిమోటు నొక్కి తగ్గించింది. ఏది తగ్గిందో నాకు తెలియలేదు. మనవరాలు నా వైపు తిరిగి ఏదో అడిగింది. పాట ఎలా ఉందని అడిగి ఉంటుందనుకుని, బాగుందన్నాను.

మా అత్తగారు స్టూలు పోతుందేమోనని దాచింది. నాకు పోయేది, అవ్వా ఇను అంటూ పక్కన చేరే ఈ పిల్ల. రేపు అది ఆ ఆట పెట్టి, కొత్తదా పాతదా అని నా ముఖం చూస్తుంది. ఆమె రెండేళ్లు దాచి ఒక కన్ను పోగొట్టుకుంది. నేను రేపు పొద్దున్నే నా చెవుల సంగతి దానికి చెప్పేస్తాను.