నేను తప్పు చదివిన తివాచీ

పెద్ద సాయిబు గారు పోయారన్న కబురు తాడేపల్లిగూడెంలో మా అక్కగారింట ఉండగా తెలిసింది. దొరికిన రైలెక్కి ఏలూరు వచ్చేసరికి ఖననం అయిపోయింది. రైలు ఆలస్యమైందని అందరితోనూ అన్నాను. నిజానికి స్టేషనులో దిగాక కూడా చాలాసేపు బెంచీ మీదే కూర్చుండిపోయాను. ఆయన ఇంటికి వెళ్ళడానికి నాకు ముఖం చెల్లలేదు.

మా తివాచీల షెడ్డులో ఆయనే అందరికంటే పాత నేతగాడు. నేను స్కూలు ఫైనలు ప్యాసై, ఇంగ్లీషు ఉత్తరాలు చదవగలనన్న ఒక్క అర్హతతో అక్కడ మేనేజరునయ్యాను. ఉన్నికీ నూలుకీ తేడా తెలియని నాకు పని నేర్పింది ఆయనే. మా దగ్గర పువ్వులూ తీగెలూ గళ్ళకాగితాల మీద గుర్తులుగా రాసి ఉంటాయి. ఒకరు కాగితం చూస్తూ "ఎరుపు రెండు, నీలం ఒకటి" అని వరస వరసా పైకి చదువుతారు. మగ్గం ముందు కూర్చున్నవాళ్ళు విన్న రంగు ముడి వేస్తారు. ఆ చదవడం నా పని.

రోజూ పనికి కూర్చునే ముందు ఆయన నిన్న నేసిన మేరంతా అరచేత్తో నెమ్మదిగా తడిమేవారు. "నిన్నటి పని తడిమి చూసుకోనివాడికి ఇవాళ్టి పని అబ్బదండి, అబ్బాయిగారూ" అనేవారు. ఒక శీతాకాలం కొల్లేటికోట వెళ్ళి గులాబీరంగు కొంగ ఈక తెచ్చి, అలాంటి రంగు కావాలని అద్దకంవాళ్ళ ప్రాణం తీశారు. చివరికి "దేవుడు మనకంటే మంచి అద్దకంవాడండి" అని నవ్వి ఊరుకున్నారు.

నేను మాత్రం తడిమి చూసుకునే రకాన్ని కాను. ఒకనాడు ఒక నేతగాడు "ఆ వరస మళ్ళీ చెప్పండి" అన్నాడు. "కాగితం నా చేతిలో ఉందా, నీ చేతిలో ఉందా?" అని కసిరాను. మధ్యాహ్నం పెద్ద సాయిబు గారు పక్కకి పిలిచి, "అడిగేవాడుండడం మన అదృష్టమండి" అన్నారు. సరే సరే అన్నాను. ఆ తరువాత ఎవరూ అడగలేదు. షెడ్డు ఎంత అదుపులో ఉందో చూసుకుని మురిసిపోయాను.

మా తివాచీలు కొనే ఇంగ్లండులో గిరాకీ పడిపోయిన ఏడు, చాలాకాలానికి ఒక పెద్ద ఆర్డరు వచ్చింది. ముసురు రోజులు. చెమ్మకి రెండు కాగితాలు అంటుకుని ఒకేసారి తిరిగాయి. నేను చూసుకోకుండా చదువుకుపోయాను. "అబ్బాయిగారూ, ఓసారి కాగితం..." అన్నారు పెద్ద సాయిబు గారు. "కానివ్వండి" అన్నాను. జానెడు నేశాక చూస్తే అంచు తీగె మధ్యలో తెగిపోయి ఉంది.

యజమాని వచ్చి ఇదేమిటని అడిగారు. "పెద్ద సాయిబు గారికి చూపు మందగించిందండి. మిగతావాళ్ళు ఆయన్ని చూసే ముడులు వేస్తారు" అన్నాను, ఆయన ఎదుటే. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆయన తలెత్తి ఒక్కసారి నా వంక చూశారు. ఆ జానెడూ తానే కూర్చుని విప్పారు. మర్నాటినుంచి ఆయన్ని మగ్గం మీంచి తీసి ఉన్ని ఉండలు చుట్టే పనిలో పెట్టారు. ఊహ తెలిసినప్పటినుంచీ ఆయన కూర్చున్నది ఆ మగ్గం ముందే.

ఆ తరువాత నాలుగేళ్ళు బతికారు. రోజూ ముందు సలాం చేసేది ఆయనే. షెడ్డులో ఎవరు కళ్ళజోడు మాటెత్తినా నేను గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాణ్ణి. చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. మేనేజరు చులకనైతే పని సాగదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది పని మీద బెంగ కాదు, పిరికితనం. పైనున్నవాడికి తన పిరికితనం బాధ్యతలాగే కనిపిస్తుందని ఇప్పుడు తెలుస్తోంది.

ఏలూరు వచ్చిన మర్నాడు యజమానినీ నేతగాళ్ళనీ పిలిచి, ఆనాటి తప్పు నాదేనని చెప్పాను. "ఇప్పుడెందుకయ్యా అవన్నీ" అని యజమాని వెళ్ళిపోయారు. నేను కసిరిన ఆ నేతగాడే నోరు విప్పాడు.

"మాకు తెలుసండి."

"మరి ఇన్నాళ్ళూ ఎవరూ అనలేదేం?"

"పెద్దాయన వద్దన్నారండి. మనం అనేస్తే అబ్బాయిగారు రేపు గొంతెత్తి చదవలేరు, తనంతట తనే చెబుతారు, ఆగండి అన్నారండి." మళ్ళీ తనే అన్నాడు. "మంచాన పడ్డాక చూడ్డానికెళితే కూడా అడిగారండి, అబ్బాయిగారు చెప్పారా అని."

ఎవరి చోట్లలో వాళ్ళు కూర్చున్నారు. నేను కాగితం తీసి మొదటి వరస చూశాను. ఎరుపు మూడు. పైకి అనలేకపోయాను. నేతగాళ్ళెవరూ వెనక్కి తిరిగి చూడలేదు. దారాలు చేతపట్టుకుని, నా మాట కోసం అలాగే కూర్చుని ఉన్నారు.