గిన్నె పేరు లేని అవయవం

స్కానింగ్ కోర్సు చదివేటప్పుడు శరీర భాగాల పేర్లు గుర్తుండక ఒక నోటుబుక్కులో నాలుగు గళ్లు గీసుకున్నాను: భాగం, భాష, మూలం, అర్థం. ఆ పుస్తకం నాకంటే నాన్నగారికే ఎక్కువ నచ్చింది. ఆయన పెళ్లిళ్లకి వంట చేసేవారు. సెలవులకి కోనసీమ వెళ్తే, కూరలు తరుగుతూ నన్ను పైకి చదవమనేవారు.

"పటెల్లా, మోకాలిచిప్ప. లాటిన్‌లో చిన్న పళ్లెం. పెల్విస్, నడుం కింది ఎముకల గూడు. బేసిన్ అని అర్థం. ఎసిటాబులం, తొడ ఎముక కూర్చునే గుంట. పులిసిన ద్రాక్షరసం పోసుకునే గిన్నె."

"పులుపుకి వేరే గిన్నె పెట్టుకున్నారంటే వంట తెలిసినవాళ్లేరా. మనం పులుసు కాచే రాచ్చిప్ప లాంటిది. నా సామానంతా మనిషిలోనే సర్దేశారన్నమాట."

కిందటి ఆశ్వయుజంలో ఆయనకి కడుపునొప్పి తగ్గకపోతే, రాజమండ్రిలో నేను పనిచేసే చోటే స్కాన్ తీశాం. మిషన్ దగ్గర ఉన్నది నేనే. పాంక్రియాస్ తలభాగంలో గడ్డ. కాలేయానికీ పాకిన మచ్చలు. ఐదు దాకా లెక్కపెట్టి ఆపేశాను.

ఆయన బయటికొచ్చి తెరమీద వేలు పెట్టారు. "ఇదేం గిన్నె?"

"గిన్నె కాదండీ, పాంక్రియాస్. గ్రీకు మాట. పాన్ అంటే అంతా, క్రియాస్ అంటే మాంసం. ఎముక లేదని ఆ పేరు పెట్టారు."

"పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టలేదు. కడుపులోనే పెట్టుకు తిరిగానా," అని నవ్వారు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ అడిగారు: "మాఘంలో పెళ్లికి వంట మాట్లాడుకోడానికి నిడదవోలు వాళ్లు వస్తామన్నారు. తాంబూలం పుచ్చుకోమంటావా?"

తాంబూలం పుచ్చుకుంటే మాట ఇచ్చినట్టే. జ్వరంతో పొయ్యి దగ్గర నిలబడ్డారు గానీ, పుచ్చుకున్న తాంబూలం ఒక్కటీ తిప్పి పంపలేదు. రిపోర్టు సంగతి డాక్టరుగారే చెప్పాలని మాకు నియమం. ఆయన అడిగింది రిపోర్టు గురించి కాదు.

"పుచ్చుకోండి," అన్నాను.

పుష్యం వచ్చేసరికి గరిటె పట్టలేకపోయారు. తాంబూలం నన్నే తిరిగి ఇచ్చి రమ్మన్నారు. పెళ్లికూతురి తండ్రి పళ్లెం కేసి చూసి, "ఇరవై రోజుల్లో ఇంకో వంటాయన్ని ఎక్కడ పట్టుకోమంటారండీ? మాఘంలో దొరుకుతారా?" అన్నాడు. తర్వాత మా నాన్నగారి సంగతి విని పళ్లెం అందుకున్నాడు.

ఇంటికొచ్చి పెళ్లికూతురి తండ్రి అన్నమాట ఉన్నదున్నట్టు చెప్పాను. నాన్నగారు మంచం మీద నావైపు తిరిగారు.

"నీకు ఆ రోజే తెలుసు కదూ?"

"తెలుసండి."

"అప్పుడే చెప్పుంటే వాళ్లు ఇంకొకర్ని చూసుకునేవారు కదరా."

మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ పెళ్లి ముహూర్తానికి ఆయన లేరు.