చివరి మంచం అప్పగింత

మా వదిన నర్సు. ఆమె సూది వేస్తే పిల్లలు, అయిపోయిందని చెప్పాక గాని ఏడుపు మొదలుపెట్టరు. అంత తేలిక చెయ్యి. పక్క మీద దుప్పటి పరిస్తే ముడత కనబడదు. చెక్కపని చేసుకునేవాణ్ణి కనుక అలాంటి చెయ్యి విలువ నాకు తెలుసు.

ఆ ఏడాది వార్డులో మనుషులు తక్కువై ఆమెకు వరుసగా రాత్రి డ్యూటీలే పడ్డాయి. పొద్దున ఇంటికొచ్చి పడుకుంటే మొహం మీద ఎండ, కింద దుకాణం షట్టరు చప్పుడు. కునుకు పట్టేది కాదు. పట్టినా వార్డు వదిలేది కాదు. ఒక సెలవునాడు, భోంచేసి పడుకున్న మా అన్నయ్య భుజం కుదిపి, వార్డులో రోగిని లేపినట్టు, "మీ పేరేంటో చెప్పండి. ఇప్పుడెక్కడున్నారు?" అని అడిగింది.

"ఇన్నేళ్లకా అడిగేది? పెళ్లిచూపుల్లోనే అడగాల్సింది!" అన్నాడు అన్నయ్య.

పగలబడి నవ్వాం. వదిన నవ్వలేదు. వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి అలాగే నిలబడింది.

తర్వాత కొన్నాళ్లకు, ఒక రోగికి మందు ఇచ్చిందో లేదో గుర్తురాక సిరంజి పట్టుకుని నిలబడిపోయింది. "ఇచ్చేశావు, నేను చూశాను" అని తోటి నర్సు ఆపబట్టి సరిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ తన చెయ్యి మీద తనకే నమ్మకం పోయింది. పొద్దున్నే ఉద్యోగం మానేస్తానని చెప్పేద్దామనుకుంది.

వాళ్ల పనిలో ఒక పద్ధతి ఉంది. డ్యూటీ దిగే నర్సు ఊరికే వెళ్లిపోకూడదు. వచ్చినవాళ్లను వెంటబెట్టుకుని ప్రతి మంచం దగ్గరా ఆగి, ఆ మనిషి ఎలా ఉన్నాడో, ఏం తిన్నాడో, ఎంత నిద్రపోయాడో చెప్పి అప్పగించాలి. ఆ పొద్దున అప్పగింత పుచ్చుకున్నది పెద్ద సిస్టర్. కోపిష్టి అని పేరు. మంచాలన్నీ అయ్యాయి. వదిన నోరు తెరిచేలోపే ఆమె అంది:

"ఇంకో మంచం మిగిలింది కదమ్మా."

"లేదు సిస్టర్, అయిపోయాయి."

"నీ మంచం. చెప్పు, ఆ పేషెంటు సంగతేంటి?"

వదిన అలవాటు కొద్దీ చెప్పేసింది. "నిద్ర లేదు సిస్టర్. అన్నం సయించట్లేదు. ఊరికే ఏడుపొస్తోంది. ఎవరికి ఏం తప్పుగా ఇచ్చానోనని ఇంటికెళ్లినా అదే భయం. ఇంక నావల్ల కాదు, మానేస్తాను."

"ఇలాంటి పేషెంటును నువ్వయితే చూడకుండా ఇంటికి పంపేస్తావా?"

"పంపను."

"మరి నన్నెలా పంపమంటావు? మానడం సంగతి తర్వాత. నేను పుచ్చుకున్నాను, ఇక నా పూచీ."

ఆ పొద్దునే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లి, వదిన చూపించుకుని వచ్చేదాకా బయట బెంచీ మీద కూర్చుంది. పైవాళ్లతో పోట్లాడి వదినను పగటి డ్యూటీకి మార్పించింది. ఆమె కోపం మాకు అలా అక్కరకొచ్చింది. నేను గది కిటికీకి వెలుతురు దూరని చెక్క తలుపు బిగించాను. సంగతి తెలిసి దుకాణం ఆయన తనంతట తనే షట్టరుకు నూనె రాశాడు. వదిన తేరుకోవడానికి నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు వెనక్కి జారింది కూడా. పెద్ద సిస్టర్ మాత్రం రోజూ ఆ చివరి మంచం గురించి అడగడం మానలేదు.

ఇప్పుడు వదిన మళ్లీ రాత్రులు చేస్తోంది, వరుసగా కాదు. పొద్దున గడపలో చెప్పులు విప్పుతుంటే అన్నయ్య అడుగుతాడు.

"చివరి మంచం ఎలా ఉంది సిస్టర్?"

"ఆకలేస్తోంది, నిద్రొస్తోంది. కబుర్లాపి కంచం పెట్టండి."

ఆ ఆకలీ నిద్రా ఉన్నాయని విన్నప్పుడల్లా పెద్ద సిస్టర్‌కు మనసులోనే దణ్ణం పెట్టుకుని, నా పనిలోకి వెళతాను.