పెద్దనాయన నవ్వు షాట్

మనుషుల్ని చంపడం నా వృత్తిలో భాగం. ఇప్పటిదాకా రాసిన స్క్రిప్టుల్లో, తీసిన రెండు సినిమాల్లో ఎంతమందిని చంపానో నాకే గుర్తులేదు. మొట్టమొదట చంపింది మాత్రం మా పెద్దనాయనను. ఆ పని నిజంగానే జరిగిపోయేంత దూరం వెళ్లింది. చెబుతాను, వినండి. మీరు నవ్వితే నాకు అభ్యంతరం లేదు. గొడవంతా నవ్వు గురించే.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. సినిమా తీయడం గురించి పదకొండు పుస్తకాలు చదివాను, సినిమా ఒక్కటీ తీయలేదు. ఇరవై నిమిషాల చిన్న సినిమా మొదలుపెట్టాను. చిక్కపేటలో చీరల అంగడి నడిపే పెద్దనాయన ఇంట్లోనే షూటింగు. శవంగా పడుకోవాల్సిన నటుడు ఆ రోజు ఫోను ఎత్తలేదు.

"నేను పండుకుంటాలేప్పా," అన్నాడు పెద్దనాయన. "మధ్యాన్నం అంగట్లో దినామూ చేసేదే కదా."

పెద్దమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "శవం వేషం వేసినోళ్లకి లేచేముందు నవ్వు షాట్ తీయల్ల. పెద్ద పెద్ద యాక్టర్లకే తీస్తారంట. అది తీయకుండా మీ పెద్దనాయనను లేపినావంటే చూడు!"

ఇది సినిమావాళ్ల ఆచారమే. చనిపోయినట్టు నటించినవాళ్లను ఆ వెంటనే నవ్వించి ఒక షాట్ తీస్తారు, కీడు పోవాలని. నా పదకొండు పుస్తకాల్లో ఈ మాట ఎక్కడా లేదు. అయినా "సరే పెద్దమ్మా" అన్నాను.

పెద్దనాయన మంచి శవం కాదు. మొదటి టేకులో తుమ్మాడు. రెండోదానిలో కళ్లు మూసుకునే, పక్కన ఏడుస్తున్న నటితో "గట్టిగా ఏడువమ్మా, వినబడలా" అన్నాడు. మూడోదానిలో ముక్కు మీద ఈగ వాలింది. ఊపిరి బిగబట్టాడు, ముఖం కందగడ్డలా చేసుకున్నాడు, చివరికి గది అదిరేలా నవ్వేశాడు.

"శవానికి క్రమశిక్షణ ఉండాలి పెద్దనాయనా!" అని అరిచాను. కెమెరా పట్టిన నా స్నేహితుడు మంజు వైపు తిరిగి, "చెత్త టేకు. తీసెయ్" అన్నాను.

నాలుగోది కుదిరింది. కిటికీలో వెలుతురు తగ్గిపోతోంది, ఇంకా రెండు షాట్లు మిగిలాయి. పెద్దమ్మ గుమ్మంలోనే కాపలా ఉంది. "ఊఁ, నవ్వు పెద్దనాయనా. యాక్షన్!" అంటూ మంజుకు కన్ను గీటాను, రికార్డు చేయవద్దని. ఆయన పళ్లన్నీ కనిపించేలా నవ్వాడు. కెమెరాలో ఏమీ పడలేదు. మూఢనమ్మకానికి నా వెలుతురు ఎందుకు ఖర్చుపెట్టాలి?

నాలుగో రోజు పొద్దున పెద్దనాయనకు గుండెనొప్పి వచ్చింది.

నేను ఆసుపత్రికి చేరేసరికి ఆయన స్ట్రెచర్ మీద ఉన్నాడు. వెంటనే లోపలికి తీసుకెళ్లాలి. ఆపరేషన్ కాగితం మీద ఆయన సంతకం పెట్టడం లేదు.

"ఆ నవ్వు షాట్ ఒకసారి చూపీప్పా," అన్నాడు, మాట కూడదీసుకుంటూ. "నాకని కాదు. మీ పెద్దమ్మకు భయంగా ఉండాది."

పెద్దమ్మ భయపడుతోంది, నిజమే. ఆయన కళ్లు అంతకంటే భయపడుతున్నాయి.

"మంజు దగ్గర ఉంది, తెప్పిస్తా" అని వరండాలోకి పరుగెత్తాను. మంజు చందాపురలో ఒక పెళ్లికి ఫొటోలు తీయడానికి వెళ్లాడు. ఫోనులో నాదస్వరం హోరు.

"మంజూ, పెద్దనాయన నవ్విన టేకు ఉందా?"

"నువ్వే తీసెయ్ అంటివి కదా గురూ."

"తీసేశావా?"

"కార్డు నిండిపోయింది. పాతవన్నీ ఇప్పుడే తీసేస్తా కూర్చోనుండా. ముహూర్తం దగ్గరికొచ్చింది."

"ముట్టుకోకు! అది ఉందో లేదో చూడు."

"ఉండు... తుమ్ము పోయింది. ఏడుపు పోయింది..."

నాకు ఏడుపు వచ్చింది.

"ఈగ ఉండాది గురూ."

కెమెరా తెరమీద దాన్ని ఆడించి, ఫోనుతో తీసి పంపమన్నాను. నా ఫోనులో సున్నా తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతోంది. "సైన్ ఆయ్తా సార్?" అంటూ, సంతకం అయిందా అని నర్సు కన్నడంలో రెండుసార్లు అడిగింది. డాక్టరు తలుపు తీసి గడియారం చూసుకున్నాడు. సున్నా ఇంకా తిరుగుతోంది. అంత ఉత్కంఠ నేను తర్వాత ఏ స్క్రిప్టులోనూ రాయలేకపోయాను.

వచ్చింది. శవం పడుకుని ఉంది. ఈగ వాలింది. శవం పగలబడి నవ్వింది. ఆ వెంటనే నా గొంతు: "శవానికి క్రమశిక్షణ ఉండాలి పెద్దనాయనా!"

"ఇది నవ్వు షాట్ కాదు కదప్పా," అన్నాడాయన. "నువ్వు నన్ను తిట్టిన షాటు."

"అది తీయలేదు పెద్దనాయనా," అన్నాను. "తీసినట్టు నటించాను."

పెద్దమ్మ ఫోను లాక్కుని చెవి దగ్గర పెట్టుకుంది. "ఈ మేళం ఎక్కడిది?"

"మంజు పెళ్లిలో ఉన్నాడు. చందాపురలో."

"శవం నవ్వతా ఉంటే వెనక పెళ్లిమేళం మోగతా ఉండాది! ఇంకేం కావల్లయ్యా నీకు? పెట్టు సంతకం!"

పెట్టాడు. స్ట్రెచర్ కదులుతుంటే నా వైపు చూసి, "ఇప్పుడన్నా సరిగ్గా తీయప్పా" అన్నాడు. ఫోను ఎత్తి "యాక్షన్!" అన్నాను. తలుపులు మూసుకునేదాకా ఆయన నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత ఫోను చూసుకుంటే, బటన్ నొక్కనేలేదు. మొదటిసారి కావాలనే నొక్కించలేదు. రెండోసారి ఆయన్నే చూస్తూ మర్చిపోయాను.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పెద్దనాయన ఆ తర్వాత తొమ్మిదేళ్లు అంగడి నడిపి, పోయినేడు నిద్రలో వెళ్లిపోయాడు. పదో రోజు బంధువులంతా ఆ ఈగ టేకే అడిగి చూశారు. నా సినిమాలు ఎవరూ అడగలేదు. "ఈ ఒక్కటీ బాగా తీసినావప్పా," అంది పెద్దమ్మ. ఆ మాటతో ఆగలేక ఆసుపత్రి సంగతి చెప్పేశాను.

"తెలుసు. నీ పక్కనే కదా నిలబడింటి. ఫోన్లో రికార్డు ఎర్రచుక్క వెలగలా."

"పెద్దనాయనకు చెప్పలేదు కదా?"

"ఇంటికొచ్చినాక చెప్తి. కడుపు పట్టుకోని నవ్వినాడు. 'వానికి చెప్పొద్దు, పాపం డైరెక్టరు కావల్లనుకుంటా ఉండాడు' అన్న్యాడు."

కనుక ప్రేక్షకుల సాక్షిగా, నిర్మాతల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరినైనా సరే, ముందు నవ్వు షాట్ తీసి, తర్వాతే చంపుతాను. ఎర్రచుక్క వెలిగిందో లేదో చూడడానికి పెద్దమ్మ వస్తానంది.